విత్తనం దెబ్బతీస్తే కంపెనీ ఏమని వాదిస్తుంది? రైతు దగ్గర ఏ జవాబు ఉండాలి?



ప్రతి వానాకాలం మొదట్లో నకిలీ విత్తనాలు పట్టుకున్నారని వార్తలు చదువుతాం. పంట చేతికి రాని రైతుకు ఆ తర్వాత ఏం దక్కిందో మాత్రం ఎక్కడా కనపడదు. 2025లో ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం మండలాల్లో మొక్కజొన్న విత్తనోత్పత్తి చేసిన గిరిజన రైతులు నష్టపోయారు. ఆందోళనలు జరిగాయి, రాష్ట్ర రైతు కమిషన్ కల్పించుకుంది, అప్పుడు పరిహారం చెక్కులు వచ్చాయి. ప్రతి రైతు వెనక ఇంత కదలిక ఉండదు. ఒక్క రైతు, ఒక్క చేను, ఒక్క లాట్ నంబరు అయినప్పుడు మిగిలేది వినియోగదారుల కమిషన్ ఒక్కటే.

అక్కడ మనం ఏం చెప్పాలో ఆలోచించుకుని వెళ్తాం కానీ, అవతలివాళ్లు ఏం చెబుతారో ఆలోచించం. ఏ కంపెనీ అయినా దాదాపు అవే వాదనలు తెస్తుంది. అవి ముందే తెలిస్తే విత్తనం కొన్న రోజు నుంచే జవాబు సిద్ధం చేసుకోవచ్చు. ఆ వాదనలు ఏమిటో, కోర్టులు వాటికి ఏం చెప్పాయో ఈ వ్యాసంలో చూద్దాం.

మన జిల్లాల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు

ఇందులో ప్రధానమైన తీర్పు మన ఉమ్మడి రాష్ట్ర రైతుల కేసులోనే వచ్చింది. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా వినియోగదారుల ఫోరాలు లోపభూయిష్టమైన విత్తనాల వల్ల నష్టపోయిన రైతులకు పరిహారం ఇమ్మని చెప్పాయి. ఇవ్వాల్సింది నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, అంటే కేంద్ర ప్రభుత్వ సంస్థే. అది ఒప్పుకోలేదు. రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు, చివరకు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2012 జనవరి 16న జస్టిస్ జి.ఎస్.సింఘ్వీ ధర్మాసనం కార్పొరేషన్ అప్పీళ్లను కొట్టేసింది.

ఆ కేసులో వచ్చిన వాదనలే ఈ రోజుకీ ప్రతి కంపెనీ జవాబు పత్రంలో కనపడతాయి. ఒక్కొక్కటి చూద్దాం.

వాదన 1: "ఇతను వినియోగదారుడే కాదు, వ్యాపారం చేస్తున్నాడు"

పంట అమ్ముకుంటాడు కాబట్టి రైతు వ్యాపారి అవుతాడని, వ్యాపారం కోసం కొన్నవారికి వినియోగదారుల చట్టం వర్తించదని అంటారు. కంపెనీతో ఒప్పందం చేసుకుని విత్తనోత్పత్తి చేసే రైతుల విషయంలో ఇది ఇంకా గట్టిగా చెబుతారు.

సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. రైతు కొన్న విత్తనాన్ని తిరిగి అమ్మడం లేదు. సొంత కష్టంతో బతుకుదెరువు కోసం పండిస్తున్నాడు. పండిన విత్తనాన్ని కంపెనీకే ఇచ్చినా అది వ్యాపారం కిందకు రాదు. ఇప్పుడున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొనేవారు వినియోగదారులేనని స్పష్టంగా ఉంది. మీ ఫిర్యాదులో "ఇది మా కుటుంబ జీవనాధారం, మేమే సేద్యం చేసుకుంటాం" అన్న వాక్యం తప్పకుండా రాయించండి.

వాదన 2: "విత్తన చట్టం ఉండగా ఇక్కడికెందుకు వచ్చారు?"

విత్తనాల నాణ్యతకు 1966 విత్తన చట్టం ఉంది కాబట్టి వినియోగదారుల కోర్టుకు అధికారం లేదన్నది ఈ వాదన. కోర్టు చెప్పిన జవాబు తేలికగా అర్థమవుతుంది. ఆ చట్టంలో తప్పు చేసినవాడికి శిక్ష ఉంది గానీ నష్టపోయిన రైతుకు పరిహారం లేదు. ఆ శిక్ష కూడా మొదటి తప్పుకు రూ.500 దాకా జరిమానా మాత్రమే. వినియోగదారుల చట్టం మిగతా చట్టాలకు తోడుగా ఉండేదే కానీ వాటికి అడ్డం కాదు. కాబట్టి వ్యవసాయ శాఖకు ఫిర్యాదు చేసినా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు పోదు. రెండూ చేయవచ్చు.

వాదన 3: "ఒప్పందంలో మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలని ఉంది"

విత్తనోత్పత్తి ఒప్పందాల్లో తగాదా వస్తే మధ్యవర్తి తీర్పే దారి అని ఒక షరతు పెడతారు. రైతు సంతకం పెట్టేటప్పుడు దాన్ని చదివేవారు తక్కువ. ఆ షరతు ఉన్నంత మాత్రాన కమిషన్ తలుపు మూసుకోదని 2012 తీర్పు చెప్పింది. ఏ దారిలో వెళ్లాలన్నది రైతు ఇష్టం. అయితే ఒప్పంద పత్రం నకలు మీ దగ్గర ఉండాలి. "సంతకం పెట్టాను, కాయితం వాళ్ల దగ్గరే ఉంది" అనే పరిస్థితి తెచ్చుకోవద్దు.

వాదన 4: "విత్తనాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించలేదు"

చాలామంది రైతులు భయపడేది దీనికే. వస్తువులో లోపం కంటికి తెలియనప్పుడు నమూనాను ల్యాబ్‌కు పంపాలని చట్టంలో ఉంది. ఉన్న విత్తనమంతా భూమిలో వేసిన రైతు నమూనా ఎక్కడి నుంచి తెస్తాడు?

ఈ ప్రశ్నకు 1998లోనే సుప్రీంకోర్టు ఒక జవాబు ఇచ్చింది. మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్స్ కంపెనీ మీద మన రాష్ట్ర రైతు వేసిన పొద్దుతిరుగుడు విత్తనాల కేసు అది. విత్తనం మొలవలేదు, నమూనా లేదు. ఉన్నదల్లా ఒక వ్యవసాయ అధికారి లేఖ. చేను చూశానని, మొలక రాలేదని ఆయన కంపెనీకి రాశాడు. మిగతా సాక్ష్యాలతో కలిపి ఆ లేఖ సరిపోతుందని కోర్టు అంది. అనుమానం ఉంటే కంపెనీయే పరీక్షకు అడగవచ్చు కదా అన్నది అక్కడ తేలిన విషయం.

2012 కేసులో కోర్టు ఇదే దారిలో ఇంకొంచెం ముందుకు వెళ్లింది. నోటిఫై అయిన రకాల విత్తనం అమ్మేవారు ప్రతి లాట్ వివరాలను 3 సంవత్సరాలు భద్రపరచాలని 1968 విత్తన నియమాల్లో ఉంది. లాట్ మొత్తం అమ్ముడుపోయాక కూడా ఒక సంవత్సరం దాకా దాని నమూనా వాళ్ల దగ్గర ఉండాలి. తన విత్తనం మంచిదని నమ్మిన కంపెనీ ఆ నమూనానే పరీక్షకు పెట్టవచ్చు. పెట్టలేదంటే ఆ తప్పు రైతు మీద వేయడానికి లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెబుతాను. విత్తేటప్పుడు ప్రతి లాట్ నుంచి ఒక గుప్పెడు గింజలు అదే ప్యాకెట్‌లో దాచిపెట్టండి. పంట బాగా వస్తే పారేయవచ్చు. ఇక సంవత్సరం దాటితే కంపెనీ నమూనా కూడా ఉండకపోవచ్చు కాబట్టి, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉన్నా అంతదాకా ఆగవద్దు.

వాదన 5: "తప్పు విత్తనానిది కాదు, వాతావరణానిది, సాగుదారుడిది"

రైతులు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. వాన పడలేదు, ఎక్కువ పడింది, లోతుగా వేశారు, నేలలో ఉప్పు ఉంది, కలుపు మందు ఎక్కువైంది, తెగులు వచ్చింది అంటూ కంపెనీ ఒక జాబితా చదువుతుంది. అందులో కొన్ని నిజంగానే పంటను పాడుచేసేవి. వ్యవసాయం తెలిసినవాడిగా నేను కాదనలేను.

2005లో హర్యానా సీడ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. అక్కడ నిపుణుల కమిటీ చేను చూసి నివేదిక ఇచ్చింది. పైరు ఒకేలా లేకపోవడానికి విత్తనమే కారణమని ఆ నివేదికలో లేదు. నీటి నాణ్యత, ఎండలు, నేలలో ఉప్పు, విత్తిన పద్ధతి, విత్తేటప్పటి తేమ కూడా కారణం కావచ్చని ఉంది. నివేదికలో లేని విషయాన్ని కోర్టు ఊహించుకోదు.

2012లో మన రైతులు గెలవడానికి, 2005లో ఆ రైతు ఓడిపోవడానికి పెద్ద తేడా నివేదికలోనే ఉంది. మన కేసుల్లో విత్తన లోపం వల్లే పంట పోయిందని వ్యవసాయ నిపుణుల నివేదికలు స్పష్టంగా చెప్పాయి.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన మొక్కజొన్న చేను చూడమని తీసుకెళ్లాడు. మూడెకరాలు. సగం సాళ్లు ఖాళీ. పక్క చేనులో వేరే రకం, అదే వారంలో వేసింది, నిండుగా ఉంది. నేను చూసి వచ్చి నాలుగు లైన్లు రాసి ఇచ్చాను: "చేను పరిశీలించాను. మొలక సంతృప్తికరంగా లేదు. వర్షాభావం కూడా కారణమై ఉండవచ్చు." జాగ్రత్తగా రాశానని అనుకున్నాను. లాట్ నంబరు రాయలేదు, మొక్కలు లెక్కపెట్టలేదు, పక్క చేను గురించి ఒక్క ముక్క లేదు. కంపెనీ వకీలు నా చివరి వాక్యం ఒక్కటే చదివాడట. కేసు పోయింది. తర్వాత సంతలో కనపడినప్పుడు పెద్దాయన కోపం చేయలేదు. "సారూ, మీరు రాసిన కాయితం వాళ్లకే పనికొచ్చింది గదా" అన్నాడు, అంతే.

పక్క చేనులోనూ అదే వాన పడిందని రాసి ఉంటే ఆ వాదనకు చోటు ఉండేది కాదు. అప్పటి నుంచి నేను కొలత లేకుండా నివేదిక రాయలేదు. మా శాఖలో కొత్తగా వచ్చిన ఏఈవో పిల్లలకు కూడా ఇదే చెబుతుంటాను.

వాదన 6: "ప్యాకెట్ మీద ముందే రాశాం"

చాలా ప్యాకెట్ల మీద చిన్న అక్షరాల్లో "మా బాధ్యత విత్తనం ధర వరకే" అన్నట్టు ఉంటుంది. కొందరు డీలర్లు అది చూపించి రైతును అక్కడే వెనక్కి పంపేస్తారు. రైతు బేరమాడి ఒప్పుకున్న మాట కాదది, కంపెనీ అచ్చు వేసుకున్న మాట. ఏకపక్షమైన, అన్యాయమైన ఒప్పందాల మీద రాష్ట్ర కమిషన్‌కు ఫిర్యాదు చేసే వీలును 2019 చట్టం కల్పించింది. కాబట్టి ఆ అక్షరాలు చూసి ఆశ వదులుకోవద్దు.

అదే ప్యాకెట్ మీద ఇంకో మాట కూడా ఉంటుంది, అది మనకు పనికొచ్చేది. కనీస మొలక శాతం. వరికి 80, హైబ్రిడ్ మొక్కజొన్నకు 90, సోయా చిక్కుడుకు, వేరుశనగకు 70 శాతం ఉండాలన్నవి ప్రమాణాలు. కంపెనీ రాసిన శాతం కంపెనీ ఇచ్చిన హామీయే. 2019 చట్టం ప్రకారం ఇచ్చిన హామీకి వస్తువు సరిపోలకపోతే "మేం అజాగ్రత్తగా లేం" అని నిరూపించుకున్నా తయారీదారు తప్పించుకోలేడు.

వాదన 7: "నేను డీలర్‌ను, తయారు చేసింది నేను కాదు" – "మేం బాగానే పంపాం, డీలర్ దగ్గర పాడైంది"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. తయారీదారు ఎవరో తెలియకపోయినా, వస్తువును మార్చినా, సొంతంగా హామీ ఇచ్చినా, సరుకును సరిగా చూసుకోకపోయినా అమ్మినవాడు బాధ్యుడు కావచ్చు. ఫిర్యాదులో డీలర్‌ను, కంపెనీని, మధ్యలో డిస్ట్రిబ్యూటర్ ఉంటే అతన్ని కూడా చేర్చండి. ఎవరిది తప్పో వాళ్లే తేల్చుకుంటారు.

వాదన 8: "కొత్త చట్టం ప్రకారం పంట నష్టం లెక్కలోకి రాదు"

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ప్రత్యేక అధ్యాయం ఉంది. పురుగుమందు వల్ల ప్రాణం మీదికి వచ్చినా, స్ప్రేయరు పేలి గాయమైనా అది పనికొస్తుంది. అయితే ఆ అధ్యాయంలో "హాని" అన్న మాటకు ఇచ్చిన అర్థంలో వస్తువుకే జరిగిన నష్టం, కేవలం ఆర్థిక నష్టం కలవవు. విత్తనం విషయంలో కంపెనీ ఈ మెలిక పెట్టవచ్చు.

అందుకని విత్తన ఫిర్యాదును ఆ ఒక్క అధ్యాయం కింద వేయవద్దు. "వస్తువులో లోపం, దానివల్ల నష్టం, పరిహారం" అన్న మామూలు దారి పాత చట్టంలో ఉన్నట్టే ఇందులోనూ ఉంది. 2012 తీర్పు నిలబడింది ఆ దారి మీదే. వకీలును పెట్టుకుంటే ఈ విషయం ఆయనతో ముందే మాట్లాడండి.

పురుగుమందుల కేసుల్లో ఇంకో రకం వాదనలు

పురుగుమందు విషయంలో కంపెనీలకు చట్టమే కొన్ని మినహాయింపులు ఇచ్చింది. ప్రమాదం అందరికీ తెలిసినదైతే హెచ్చరించలేదని అడగడానికి లేదు. వాడే సమయంలో మద్యం మత్తులో ఉంటే హెచ్చరిక లేదన్న ఫిర్యాదు నిలవదు. యజమాని పని కోసం కొన్న మందుకు హెచ్చరిక యజమానికి చేరితే, కూలీకి చెప్పలేదని కంపెనీని పట్టుకోలేం. అంటే కూలీలతో పిచికారీ చేయించే రైతు మీద ఒక బాధ్యత ఉందన్నమాట. డబ్బాతో వచ్చిన కరపత్రం వాళ్లకు చదివి వినిపించండి. చేతి తొడుగులు, మాస్కు ఇవ్వండి.

మందు పని చేయలేదన్నా, పైరు మాడిందన్నా కంపెనీ మొదట అడిగేది "లేబుల్‌లో ఉన్న పంటకే వాడారా, చెప్పిన మోతాదులోనే వాడారా, వేరే మందులు కలిపారా" అని. మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అలా కలిపితే ఏ మందు వల్ల నష్టం జరిగిందో ఎవరూ చెప్పలేరు. లేబుల్ ప్రకారం వాడకపోతే కేసు అక్కడే బలహీనపడుతుంది.

ఏ రోజు ఏం చేయాలి?

కొన్న రోజు: లాట్ నంబరు, గడువు తేదీ, కంపెనీ పేరు రాసిన బిల్లు తీసుకోండి. అప్పు మీద తెచ్చినా బిల్లు అడగండి. చిట్టీ మీద రాసిచ్చింది బిల్లు కాదు.

విత్తిన రోజు: ఖాళీ ప్యాకెట్లు, ట్యాగులు పారేయవద్దు. గుప్పెడు గింజలు దాచండి. తేదీ, తేమ, ఎంత లోతులో వేశారో ఒక నోటు పుస్తకంలో రాయండి. ఫోన్‌లో ఫొటో తీయండి.

మొలక సమయం: 7 నుంచి 10 రోజుల్లో తేడా తెలుస్తుంది. వెంటనే డీలర్‌కు, కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేసి, ఏఈవోకు లేదా మండల వ్యవసాయ అధికారికి దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. చేను దున్నేసి మళ్లీ విత్తక తప్పదనుకుంటే, పరిశీలన అయ్యేదాకా కొన్ని సాళ్లయినా అలాగే ఉంచండి.

పూత, కాత సమయం: కేళీలు ఎక్కువగా ఉండటం, కాయ పట్టకపోవడం అప్పుడే బయటపడతాయి. పంట కోసేస్తే సాక్ష్యం పోయినట్టే. కోతకు ముందే పరిశీలన జరగాలి.

అధికారి నివేదికలో ఉండాల్సినవి: సర్వే నంబరు, విస్తీర్ణం, రకం, లాట్ నంబరు, విత్తిన తేదీ, నాలుగైదు చోట్ల లెక్కపెట్టిన మొక్కల సంఖ్య, ఉండాల్సిన సంఖ్య, కేళీల శాతం, అదే సమయంలో వేరే లాట్ వేసిన పక్క చేను పరిస్థితి, రైతు పాటించిన యాజమాన్యం, చివరగా, పంట పోవడానికి కారణం ఏమిటన్న స్పష్టమైన అభిప్రాయం. కంపెనీ ప్రతినిధికి ముందే కబురు పెట్టి పిలవాలి. రాకపోతే రాలేదని రాయాలి. నివేదిక నకలు అడిగి తీసుకుని చదవండి. ఇందులో ఏదైనా లేకపోతే అక్కడే అడగండి, మొహమాటపడవద్దు.

కమిషన్‌కు వెళ్లేటప్పుడు

విత్తన కంపెనీల ఆఫీసులు చాలావరకు మా సికింద్రాబాద్, హైదరాబాద్, మేడ్చల్ చుట్టుపక్కలే ఉంటాయి. కేసు వేయాలంటే ఇంత దూరం రావాలేమోనని జిల్లాల రైతులు అడుగుతుంటారు. అవసరం లేదు. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. సరుకుకు చెల్లించిన ధర రూ.50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్ చూస్తుంది. రూ.5 లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలు లేకుండా కూడా వాదించుకోవచ్చు. ఒకే లాట్ వల్ల నష్టపోయిన పదిమంది కమిషన్ అనుమతితో కలిసి వేయవచ్చు. సమాచారానికి 1915 హెల్ప్‌లైన్ ఉంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేసే వీలూ ఉంది.

ఇంకో మాట. కంపెనీ తన జవాబును 30 రోజుల్లో వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వవచ్చు. ఆ 45 రోజులు దాటితే జవాబు తీసుకోవడానికి వీల్లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వాయిదాల మీద వాయిదాలు అడుగుతుంటే ఈ విషయం గుర్తు చేయండి.

కొత్త విత్తన చట్టం వస్తే?

1966 చట్టం స్థానంలో తేవడానికి కేంద్రం 2025 నవంబరులో విత్తనాల బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. పెద్ద తప్పులకు రూ.30 లక్షల దాకా జరిమానా, 3 సంవత్సరాల దాకా జైలు ప్రతిపాదించారు. రూ.500తో పోలిస్తే ఇది పెద్ద మార్పు. కానీ జరిమానా సొమ్ము ఖజానాకు వెళ్తుంది, రైతు జేబులోకి రాదు. పోయిన పంటకు పరిహారం ఎవరు, ఎన్ని రోజుల్లో ఇస్తారన్నది రైతు సంఘాలు అడిగిన ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నేనని నా అభిప్రాయం. పంట నష్టం తేల్చడానికి శాస్త్రవేత్తలతో జిల్లా స్థాయి కమిటీ ఉండాలి. ఫిర్యాదు వచ్చిన వారంలోపు చేను చూడాలి. కంపెనీ దగ్గరున్న నమూనాను వెంటనే పరీక్షకు తెప్పించాలి. ఈ మూడూ చట్టంలోనే ఉంటే పైన చెప్పిన వాదనల్లో సగం వినపడవు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి బిల్లు, ప్యాకెట్, గుప్పెడు గింజలు, ఒక మంచి నివేదిక. మొదటి మూడూ రైతు దాచుకోవాలి. నాలుగోది రాయాల్సిన బాధ్యత మాది. మీ ఏఈవో చేను గట్టు మీద నిలబడి చూసి వెళ్లిపోతుంటే ఆపండి. "సార్, సాలులోకి దిగి మొక్కలు లెక్కపెట్టండి" అని అడగండి. అడగడం మీ హక్కు.